పడుకోని పిల్లల కిటికీ

మధ్యాహ్నం ఒంటిగంట దాటి, అన్నం పళ్ళాలు కడిగి బోర్లించిన చప్పుడు ఆగిపోయాక, ఆ అంగన్‌వాడీలో గాలే మారిపోయేది. వన్ టౌన్ నుంచి ఫిషింగ్ హార్బరు వైపు దిగే ఒక సందులో, పాత పెంకుటింటి ముందు హాలు అది. గోడల మీద ఉప్పుగాలి తిన్న మచ్చలు. తల ఎత్తి చూస్తే మెడ నొప్పెట్టేంత ఎత్తులో దూలాలు. ఇరవై ఒక్క మంది పిల్లలు చాపల మీద వరసగా పడుకుంటే జయమణి టీచరు గడప దగ్గర నిలబడి మెల్లగా ఒక్క మాట అనేది.

"కళ్ళు మూసుకోండమ్మా."

పందొమ్మిదేళ్ళుగా అదే మాట. అన్నాక ఊపిర్లు ఒక్కొక్కటే నెమ్మదించేవి. కాసేపటికి అన్నీ కలిసిపోయి, ఒకే పెద్ద ప్రాణి ఏదో హాలంతా పరుచుకుని నిద్రపోతున్నట్టు ఉండేది. దూరంగా పోర్టులో క్రేను మూలుగు, ఎప్పుడో ఒకసారి ఓడ కూత. జయమణికి రోజు మొత్తంలో ఆ గంటన్నర అంటేనే ఇష్టం. ఎవరూ పిలవరు. యాభై ఒకటో ఏడు వచ్చిందనీ, పిల్లల బరువులు ఫోన్లో ఎక్కించాలనీ గుర్తుండదు. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు, కాళ్ళ చప్పుడు తనకే వినిపించకుండా చాపల మధ్య తిరిగేది.

ఆమె తండ్రి డ్రై డాక్‌లో ఓడల తుప్పు గీకి రంగులు వేసేవాడు. ఇంటరయ్యాక పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద పనిచేసే సుందర్ రాజ్‌తో పెళ్ళయింది. చర్చిలో ఆదివారాలు చిన్నపిల్లలకు పాటలు నేర్పుతుంటే ఎవరో చూసి, అంగన్‌వాడీకి అర్జీ పెట్టమన్నారు. అప్పటికి ముప్పై రెండేళ్ళు. అప్పట్నుంచీ ఈ హాలే. చుట్టుపక్కల తల్లులందరూ ఆమె గురించి ఒకే మాట చెప్పేవారు: ఆ టీచరమ్మ దగ్గర పిల్లలు అల్లరి చెయ్యరు, ఒంటిగంటకు పడుకుంటే మూడింటిదాకా చడీ చప్పుడూ ఉండదు. అది వింటే జయమణికి లోపల్లోపల గర్వంగా ఉండేది.

ఆ ఏడు జూన్‌లో నిఖిత వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. తల్లి పుష్ప హార్బరులో చేపల వేలంపాటకు వెళ్ళి, బుట్ట కొని, వీధులు తిరిగి అమ్ముతుంది. తండ్రి బోటు మీద వేటకు వెళ్తే పదిహేను రోజులకు గానీ రాడు. ఇంట్లో ఉండేది నాయనమ్మ ఒక్కతే. పిల్ల గొడవ చేసేది కాదు. పప్పన్నం తినేది, గుడ్డు తినేది, పాట చెప్తే చెప్పేది. ఒక్క నిద్ర మాత్రం పోయేది కాదు. ఇరవై మంది కళ్ళు మూసుకుంటే ఆ రెండు కళ్ళు చీకట్లో నీళ్ళలా మెరుస్తూ దూలాలకేసి చూస్తుండేవి.

జయమణి పక్కన కూర్చుని జోకొట్టింది. పాట పాడింది. చివరికి అరచెయ్యి ఆ కళ్ళ మీద పెట్టి ఉంచడం మొదలుపెట్టింది. చెయ్యి కింద కనురెప్పలు కదలడం తెలిసేది, చిన్న పురుగేదో గుప్పిట్లో రెక్కలు కొట్టుకుంటున్నట్టు. అలా మూడు వారాలు నడిచింది. ఒకరోజు నిఖిత రెండు చేతులతో ఆ అరచేతిని పట్టుకుని, ఒక్కో వేలూ పైకెత్తి, మెల్లగా పక్కన పెట్టింది.

"టీచర్, ఈ కళ్ళెవురివి?"

"నీవే."

"నావైతే మీరెందుకు మూత్తన్నారు?"

పెంకితనం కాదది. ఆ పిల్లకు నిజంగా తెలియక అడిగింది. జయమణి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆమెకు మద్దిలపాలెంలో మూడు రోజులు జరిగిన ట్రైనింగు గుర్తొచ్చింది. తన కూతురి వయసున్న ఒకమ్మాయి అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, "పిల్లలు ఏ వయసులో ఈ దేశ పౌరులవుతారు?" అని రాయమంది. హాలంతా పద్దెనిమిది అని రాసింది. జయమణీ అదే రాసింది. ఆ అమ్మాయి నవ్వి, "పుట్టిన రోజు నుంచీ పౌరులే కదండీ. మరి మీ సెంటర్లో వాళ్ళకి సంబంధించిన సంగతి ఒక్కటైనా వాళ్ళని అడిగి చేశారా?" అంది. అందరూ నోటుబుక్కులో రాసుకున్నారు. తర్వాత భోజనాలకు లేచారు. ఆ నోటుబుక్కు ఇప్పుడెక్కడుందో కూడా ఆమెకు తెలియదు.

మర్నాడు పొద్దున్న పాటలయ్యాక పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది.

"మధ్యాహ్నం మనందరం పడుకుంటన్నాం కదా. అదెవరికి ఇష్టం, ఎవరికి ఇష్టం లేదు? ఏటైనా చెప్పొచ్చు. నానేం అనను."

పిల్లలు ముందు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. టీచరు అడుగుతోందంటే దానికి సరైన జవాబు ఒకటి ఉంటుందని వాళ్ళకు అప్పటికే అలవాటైపోయింది. అందరికన్నా పెద్దవాడు, ఐదు నిండబోతున్న సాయిశంకర్, "అందరికీ ఇష్టవే టీచర్," అన్నాడు గబగబా. అప్పుడు రాణి లేచింది. అందరిలోకీ చిన్నది, మూడేళ్ళు.

"నాకిట్టం. కళ్ళు మూత్తే మా కుక్క వత్తాది."

"మీ కుక్క సచ్చిపోనాది గదే," అన్నాడు సాయిశంకర్.

"అదే వత్తాది."

దాంతో తలుపు తెరిచినట్టయింది. ఒకడికి చాప గుచ్చుకుంటుందట. ఇంకొకడికి కిటికీ మూస్తే భయమట. సాయిశంకర్ కూడా ఆఖరికి, తనకు రోజూ నిద్ర రాదనీ, కళ్ళు మూసుకుని వంద వరకూ లెక్కపెట్టాలని చూస్తాననీ, ముప్పై తొమ్మిది తర్వాత ఏమొస్తుందో తెలియక మళ్ళీ ఒకటి దగ్గర మొదలుపెడతాననీ చెప్పాడు. జయమణి అవన్నీ వింటూ కూర్చుంది. ఇన్నేళ్ళూ ఒకే ప్రాణి అనుకున్నది ఇరవై ఒక్క ముక్కలై, ఒక్కో ముక్కా ఒక్కో గొంతుతో మాట్లాడుతోంది.

వెనక గుమ్మంలో నిలబడి వింటున్న ఆయా తాయారు చీపురు కింద పడేసింది. జయమణి కన్నా ఆరేళ్ళు పెద్ద. మోకాళ్ళు పట్టేసి నడక కష్టమైన మనిషి.

"ఏటి టీచరమ్మా ఇది? గుంటల్నడిగి నడిపితే అయినట్టే అంగన్‌వాడీ. ఈళ్ళు తొంగోకపోతే నా గిన్నెలెవరు తోముతారు? నా కాళ్ళేటైపోవాల?"

పిల్లలు తాయారు కాళ్ళకేసి చూశారు. ఆ కాళ్ళు నొప్పెడతాయన్న సంగతి వాళ్ళకు అప్పుడే తెలిసింది.

"తాయారమ్మా, నువ్వు కూడా తొంగో," అంది నిఖిత.

అలా తేలింది. నిద్ర వచ్చేవాళ్ళు చాపల మీద పడుకోవచ్చు. రానివాళ్ళు కిటికీ దగ్గర కూర్చోవచ్చు. కిటికీ తెరిచే ఉండాలి. పడుకున్నవాళ్ళను లేపకూడదు. ఏడుపొస్తే ఎవరికైనా చెప్పాలి. గిన్నెలయ్యాక తాయారమ్మకు గోడ పక్కన ఒక చాప. ఇందులో ఏదీ జయమణి చెప్పింది కాదు. ఆమె చేసిందల్లా మళ్ళీ మళ్ళీ "అందరికీ సరేనా?" అని అడగడమే.

ఆ కిటికీ అన్నేళ్ళూ మధ్యాహ్నాలు మూసే ఉండేది. తెరిస్తే ఇళ్ళ కప్పుల మీదుగా హార్బరు కనిపించింది. బోట్ల కొయ్యలు అడవిలా, వాటి మీద రంగు రంగుల గుడ్డపీలికలు. ఎండలో అన్నీ కొద్దిగా కరిగి, గాలిలో తేలుతున్నట్టుండేవి. ఆ వెనక పోర్టు క్రేన్లు తలలు వంచి నీళ్ళు తాగి మళ్ళీ ఎత్తేవి. నలుగురైదుగురు పిల్లలు అక్కడ కూర్చుని గుసగుసలాడుకునేవారు. కొన్ని రోజులు మాటే ఉండేది కాదు. వాళ్ళ వెనక చాపల మీద నిద్ర, ముందు మెరిసే నీళ్ళు. జయమణి ఆ రెండిటి మధ్య నేల మీద కూర్చునేది. పిల్లలు చూసే ఎత్తులో నుంచి ఆమె ఆ హాలును ఎప్పుడూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం నిఖిత ఆమె చెవి దగ్గరకొచ్చి చెప్పింది.

"నాను తొంగుంటే అమ్మ ఎలిపోద్ది టీచర్. లేచేసరికి ఉండదు. నాన కూడా అంతే. నాను తొంగున్నప్పుడే బోటెక్కీసినాడు."

హార్బరులో పని తెల్లవారకముందే మొదలవుతుంది. పిల్ల లేచే వేళకు పుష్ప వెళ్ళిపోయి మూడు నాలుగు గంటలవుతుంది. అంటే ఈ పిల్ల లెక్కలో కళ్ళు మూయడమంటే ఒక మనిషి మాయమైపోవడం. మూడు వారాల పాటు తన అరచెయ్యి ఆ కళ్ళ మీద ఏం చేసిందో జయమణికి అప్పుడు తెలిసింది. పిల్లను దగ్గరకు తీసుకుందామని చెయ్యి చాపి, ఆగి, "ఒళ్ళో కూచుంటావా?" అని అడిగింది. నిఖిత ఆలోచించి, "ఇప్పుడొద్దు," అంది.

ఆగస్టు చివర్లో ముసురు పట్టింది. సుందర్ రాజ్‌కు నాలుగు రోజులు జ్వరం. జయమణికి నిద్ర లేదు. ఐదో రోజు మధ్యాహ్నం కిటికీ కింద గోడకు చేరగిలబడి కూర్చుంటే తల వాలిపోతోంది.

"మీరు తొంగోండి టీచర్. నాను సూత్తంటాను. ఎవురూ ఎల్లిపోరు," అంది నిఖిత.

ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో ఆమెకు తెలియదు. కల వచ్చింది. ఎర్రటి ఓడ ఒకటి సందులోకి వచ్చేసి, ఇళ్ళ గోడలకు తగలకుండా మెల్లగా కదులుతోంది. డెక్కు మీద పిల్లలు కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. ఎటు వెళ్తున్నారని అడిగితే, ఇంకా అనుకోలేదు టీచర్ అంటున్నారు. వాన పడుతోంది కానీ ఎవరూ తడవడం లేదు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పిల్లల చిన్న కుర్చీ మీద సూపర్‌వైజర్ అనూరాధ కూర్చుని ఉంది. నిఖిత ఆమెకేసి చూస్తూ పెదాల మీద వేలు పెట్టుకుని ఉంది.

"పావుగంటయింది నేనొచ్చి," అంది అనూరాధ. "లేపుదామంటే ఈ అమ్మాయి లేపనివ్వలేదు."

జయమణి లేచి నిలబడింది. పెరట్లోంచి తాయారు తడిచేతులతో పరుగులాంటి నడకతో వచ్చింది.

"పందొమ్మిదేళ్ళలో ఆయమ్మ ఇయాలే కన్ను మూసింది మేడమ్. నాను సాచ్చికం."

"అది సరే తాయారమ్మా. పిల్లలు మెలకువగా ఉండి టీచరు నిద్రపోతే, ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత?"

"నాదే మేడమ్," అంది జయమణి. "తప్పయిపోయింది."

అనూరాధ కోపిష్టి మనిషి కాదు. అయినా మెమో రాసింది. రాస్తూ తలెత్తి అడిగింది: "అయినా వీళ్ళెందుకు కూర్చున్నారు? టైమ్‌టేబుల్లో ఇది నిద్ర టైము కదా."

"విశ్రాంతి అని ఉంది మేడమ్. నిద్ర అని లేదు."

అన్నాక జయమణికే ఆశ్చర్యమేసింది, ఆ మాట తన నోటినుంచి ఎలా వచ్చిందని. అనూరాధ నిఖిత వైపు తిరిగింది.

"నువ్వెందుకు పడుకోలేదమ్మా?"

"అందరం అనుకున్నాం," అంది నిఖిత. అంతకన్నా చెప్పేదేమీ లేనట్టు మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది.

మెమో సంగతి ఎలాగో బయటికి పొక్కింది. ఇద్దరు ముగ్గురు తల్లులు గుమ్మంలో నిలబడి గుసగుసలాడుకున్నారు. జయమణికి మనసు కుదించుకుపోయింది. మర్నాడు ఒంటిగంటకు ఆమె కిటికీ మూసేసి, గడప దగ్గరకు వెళ్ళి నిలబడింది. "అందరూ పడుకుని కళ్ళు మూసుకోండి," అంది.

పిల్లలు పడుకున్నారు. రెండో రోజూ పడుకున్నారు. హాలు ఎప్పట్లాగే ఒక్క ఊపిరిగా మారింది, కానీ ఆమెకు ఆ గంటన్నర ఇదివరకులా లేదు. చాపల మధ్య నడుస్తుంటే, మూసిన రెప్పల వెనక ఎవరెవరు మెలకువగా ఉన్నారో తెలుస్తూనే ఉంది. ఒకడి పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. నిఖిత రెప్పలు గట్టిగా బిగించుకుని పడుకుంది, టీచరు కోసం.

మూడో రోజు సాయిశంకర్ లేచి కూర్చున్నాడు.

"టీచర్, కిటికీ సంగతి మనందరం అనుకున్నాం గదా."

"అవును."

"మరి మూసెయ్యాలని అనుకోలేదు గదా."

జయమణి వెళ్ళి కింద కూర్చుంది. "లేవండి. నిద్రపోయినోళ్ళని లేపొద్దు. మిగతావాళ్ళు ఇలా రండి," అంది. వచ్చిన పదకొండు మందికీ ఉన్నదున్నట్టు చెప్పింది. తను నిద్రపోయిందనీ, పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు టీచరు నిద్రపోకూడదనీ, అందుకు మేడమ్ కాగితం రాసిందనీ, భయమేసి కిటికీ మూసేసిందనీ.

"మేడమ్ కొట్టినాదా?" అంది రాణి. ఆ పిల్ల ఆ రోజు నిద్రపోలేదు.

"కొట్టలేదమ్మా."

"మరేటి భయం?"

పిల్లలు చాలాసేపు మాట్లాడుకున్నారు. టీచరు అస్సలు పడుకోకూడదని ఒకడన్నాడు. పాపం అని ఇంకొకరన్నారు. చివరికి టీచరుకు బాగా నిద్రొస్తే తాయారమ్మ లేచి ఉండాలనీ, తాయారమ్మ పడుకుంటే టీచరు లేచి ఉండాలనీ, ఇద్దరూ ఒకేసారి పడుకోకూడదనీ తేల్చారు. గోడ పక్క చాప మీద తాయారు కళ్ళు తెరవకుండానే, "నాకు సమ్మతవే," అంది. సాయిశంకర్ వెళ్ళి కిటికీ తెరిచాడు.

జయమణి మెమోకు జవాబులో జరిగిందంతా రాసింది. తప్పు ఒప్పుకుంది. కిటికీ గురించి కూడా రాసింది. పిల్లలు చెప్పినవన్నీ వాళ్ళ పేర్లతో సహా రాసేసరికి మూడు పేజీలయింది. మెమో ఆమె ఫైల్లో అలాగే ఉండిపోయింది. కిటికీని మాత్రం ఎవరూ మూయించలేదు.

తర్వాత ఒక సాయంత్రం పుష్ప ఖాళీ బుట్టతో పిల్లను తీసుకెళ్ళడానికి వస్తే, జయమణి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి నిఖిత తనతో అన్న మాట చెప్పింది. పుష్ప కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాను సెప్పి ఎల్తే ఏడుత్తాదని సెప్పకుండా ఎల్తన్నాను టీచరమ్మా. ముసల్దాన్ని నిద్దర్లేపీత్తాదని."

"దాన్నే అడగరాదా పుష్పా, ఏం చెయ్యాలో."

పుష్ప నవ్వబోయింది. నాలుగేళ్ళ గుంటనడగడమేటి అన్నట్టు. కానీ నిఖిత అక్కడే చెప్పులు తొడుక్కుంటోంది. తలెత్తకుండానే అంది:

"లేపు. లేపి సెప్పెల్లు."

మొదటి రెండు రోజులు ఏడ్చిందట. నాయనమ్మ తిట్టిందట. మూడో రోజు ఒక కన్ను మాత్రం తెరిచి, "సరే, ఎల్లు," అని మళ్ళీ అటు తిరిగి పడుకుందట. ఆ మాట చెప్తున్నప్పుడు పుష్ప గొంతులో సంతోషమూ ఉంది, ఏదో పోగొట్టుకున్న దిగులూ ఉంది.

ఇక నిఖిత మధ్యాహ్నాలు నిద్రపోతుందని జయమణి అనుకుంది. ఒకరోజు కావాలనే చాప తెచ్చి పరిచింది కూడా. పిల్ల ఆ చాపను చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు భయం లేదు గదా నీకు?"

"లేదు. నాకిక్కడ బాగుంటాది, అందుకే."

జయమణి చాప చుట్టేసింది. పిల్ల నిద్రపోకపోవడానికి కారణం తెలుసుకుని, దాన్ని తీసేసి, పడుకోబెట్టేద్దామనే తను ఇన్నాళ్ళూ చూసిందని ఆమెకు అప్పుడనిపించింది. కొంచెం సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

జనవరిలో అనూరాధ నెలవారీ మీటింగులో జయమణిని లేపి, "మీ సెంటరు సంగతి చెప్పండి," అంది. నలభై మంది టీచర్ల ముందు ఆమె నాలుగు మాటలు మాట్లాడి కూర్చుండిపోయింది. కొందరు నవ్వారు. "మా దగ్గర అడిగితే గోడలెక్కుతారు," అన్నారు ఒకరు. కానీ బయటికొచ్చాక ఒక టీచరు చెప్పులేసుకుంటూ, "నిజంగా మీ దగ్గర అందరూ మాట్లాడతారా, మాట్లాడని పిల్లల్నేం చేస్తారు?" అని అడిగింది. అది జయమణి అప్పటిదాకా ఆలోచించని ప్రశ్న. బస్సులో కూర్చుని, తన పిల్లల్లో ఎవరెవరు ఇంకా నోరు తెరవలేదో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

జూన్‌లో నిఖితా, సాయిశంకరూ ఒకటో తరగతికి వెళ్ళిపోయారు. కొత్త పిల్లలు వచ్చారు. అందులో ఇంద్రజ అని మూడేళ్ళ పిల్ల, శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చిన కూలీల బిడ్డ. భుజాన ఒక గుడ్డసంచి. దాన్ని తియ్యమంటే రెండు చేతులతో పట్టుకుని నేల చూసింది. పేరడిగితే చెప్పలేదు. మాట్లాడని పిల్లల్నేం చేస్తారని మీటింగు రోజు ఆ టీచరు అడిగింది జయమణికి గుర్తొచ్చింది. తాయారు పళ్ళెం పెడుతూ సంచి పట్టుకోబోతే జయమణి కళ్ళతోనే వద్దంది.

పిల్లలు అన్నాలకు కూర్చున్నారు. ఇంద్రజ సంచితోనే కూర్చుంది. వంగినప్పుడల్లా అది ముందుకు జారి పళ్ళెంలో పడబోయేది. పిల్ల దాన్ని మోచేత్తో వెనక్కి తోసుకుని, ఇంకో ముద్ద తినేది. జయమణి పక్కనే కూర్చుని గుడ్డు ఒలిచి, రెండు ముక్కలు చేసి పళ్ళెం అంచున పెట్టింది. పిల్ల ఒక ముక్క తీసుకుంది. కాస్త ఆలోచించి రెండోది సంచిలో వేసుకుంది.